ఆత్మవిమర్శకి తొమ్మిదిన్నర మార్కులు

ట్రైనీల హాస్టలు, రెండో అంతస్తు
ఆదివారం

అత్తకి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. మంచం ఉంది, బల్ల ఉంది. బల్లకి మూడు కాళ్లు సరిగ్గా ఉన్నాయి, నాలుగో కాలి కింద మానవ సంబంధాల మీద పాఠ్యపుస్తకం ఒకటి పెట్టారు. ఫోనులో నేను సగం మాటలు మింగేస్తానని ఉత్తరాలే రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. నువ్వు మాత్రం టైపు కొట్టి పంపకు. ఆఫీసు నుంచి నోటీసు వచ్చినట్టు ఉంటుంది.

సోషల్ వర్కర్ శిక్షణ అంటే జనానికి సాయం చెయ్యడం నేర్పుతారనుకున్నాను. మొదటి వారమంతా మమ్మల్ని మేం తిట్టుకోవడం నేర్పారు. దాన్ని ‘విమర్శనాత్మక పునరాలోచన’ అంటారు. మాకు పాఠం చెప్పే మేడమ్ ఆ మాట పలికేటప్పుడు కళ్లు మూసుకుంటారు. మేం కూడా మూసుకోవాలేమో తెలియక సగం మంది మూసుకున్నాం. ప్రతి శనివారం పని చూసుకుని రాగానే డైరీ రాయాలి. అందులో నాలుగు గళ్లు. ఏం జరిగింది, నాకేమనిపించింది, నేనేం తప్పు చేశాను, ఏం నేర్చుకున్నాను. ఏం జరిగిందో రాయడానికి రెండంగుళాలు ఇచ్చారు. ఏం తప్పు చేశానో రాయడానికి పేజీన్నర.

నాకిచ్చిన కేసు ఒక తల్లీకూతుళ్లది. తల్లి ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది. అక్కడే తడి నేల మీద జారి పడి తుంటి ఎముక విరిగింది. చూసుకునేవాళ్లు లేక ఆరేళ్ల పాపని పిల్లల హోమ్‌లో పెట్టారు. ఇప్పుడావిడ నడుస్తోంది, పనికీ వెళ్తోంది. అయినా పాపని ఊరికే పంపరు. ఎనిమిది శనివారాలు పాపని రెండేసి గంటలు ఇంటికి తీసుకెళ్లి, ఇద్దరూ ఎలా ఉన్నారో చూసి, కమిటీకి రిపోర్టు ఇవ్వాలి. ఆ చూసేది నేను.

నిన్న మొదటిసారి వెళ్లాను. రెండు గదులు. పాప మంచం మీద దుప్పటి మూలలు ఆసుపత్రి మంచానికి మడిచినట్టు బిగుతుగా మడిచి ఉన్నాయి. ఆవిడ గొంతు మాత్రం మహా పెద్దది అత్తా. మెషిన్ల హోరులో పదేళ్లు అరిచి అరిచి మామూలు మాట కూడా కేకలాగే వస్తుంది. “చేతులు కడుక్కున్నావా!” అంటే నేనే ఉలిక్కిపడి లేచి వెళ్లి కడుక్కున్నాను. పాప మాత్రం కదల్లేదు. “ఇందాకే కడిగానుగా, ఎన్నిసార్లు కడగాలి?” అని అంతే గట్టిగా ఎదురు చెప్పింది. ముగ్గురం నవ్వుకున్నాం.

నీ మేనకోడలు


ఇల్లు, వంటింటి బల్ల
గురువారం

అమ్మలూ, ఆశీస్సులు.

టైపు వద్దన్నావు కాబట్టి చేత్తో రాస్తున్నాను. నా చేతిరాత చదవడం నీ శిక్షణలో భాగమనుకో.

పిల్లల సంక్షేమ ఆఫీసులో ఇరవై ఏడేళ్లు టైపు కొట్టాను. మా రోజుల్లో తప్పు ఎప్పుడూ అర్జీదారుదే అయ్యేది. ఆఫీసరు తప్పు చేసినట్టు నేనొక్క కాగితం కూడా కొట్టిన గుర్తు లేదు. ఇప్పుడు మీ చేత పేజీన్నర తప్పులు రాయిస్తున్నారంటే కాలం మారినట్టే. మంచిదే. తప్పులు లేకపోతే ఏం రాస్తావో చూడాలి, చిన్నప్పుడు కూడా నువ్వు తప్పు ఒప్పుకున్న పాపాన పోలేదు.

ఆ తల్లి గొంతు నాకు నచ్చింది. వేళకి తిను. జుట్టుకి నూనె పెట్టుకో.

అత్త


హాస్టలు
సోమవారం

అత్తా,

పదికి మూడు. చదివావా? మూడు!

మేడమ్ నా డైరీ మీద ముద్ర కొట్టారు. ‘ఇంకా లోతుగా’ అని ప్రత్యేకంగా రబ్బరు ముద్ర చేయించుకున్నారావిడ. మూడో గడిలో నేను ‘ఈ వారం పెద్ద తప్పేమీ జరగలేదు’ అని రాశాను. దాని కింద ఎర్ర సిరాతో ‘ఈ వాక్యమే మీ పెద్ద తప్పు’ అని రాశారు.

మా బ్యాచ్‌లో ఒకడున్నాడు. వాడి అసలు పేరు అందరం మర్చిపోయి పశ్చాత్తాపం అని పిలుస్తున్నాం. పోయిన వారం వాడు ఒక ముసలాయన దగ్గరికి వెళ్లి, ఆయన పీట మీద కూర్చుంటే తను కుర్చీలో కూర్చున్నాడట. ‘ఆ కుర్చీ ఎత్తులో నా అధికార దాహం కనిపించింది’ అని నాలుగు పేజీలు రాశాడు. తొమ్మిది వచ్చాయి. ఆ ముసలాయనకి కావలసిన మందుల కార్డు వచ్చిందా అని నేనడిగితే, “అది మొదటి గడిలోది. నేనింకా అక్కడికి రాలేదు” అన్నాడు.

ఇలాగే మూళ్లూ నాలుగులూ వస్తే టర్ము మళ్లీ చెయ్యాలి. నాన్న ముఖం ఎలా చూడను? నేనా ఇంటికి టైముకి వెళ్తున్నాను, పాపని జాగ్రత్తగా తెస్తున్నాను, దింపుతున్నాను. తప్పు ఎక్కణ్ణుంచి తేను? ఏదైనా ఉపాయం చెప్పు. ఆఫీసు కాగితాల్లో పండిపోయినదానివి.

మేనకోడలు


ఇల్లు
శుక్రవారం

పిచ్చి మొహమా,

మూడుకే ఇంత ఏడుపా?

ఇది కూడా చెప్పాలా? తప్పు లేకపోతే ఒకటి తయారుచెయ్. ఇరవై ఏడేళ్లలో నేను టైపు కొట్టిన రిపోర్టుల్లో సగం ఆఫీసర్లు కుర్చీలోంచి లేవకుండా చూసొచ్చిన ఇళ్లే. ‘స్వయంగా పరిశీలించితిని’ అని కొట్టీ కొట్టీ నా వేళ్లకి అది కళ్లు మూసుకున్నా వచ్చేసేది. మీ మేడమ్‌కి కన్నీళ్లు కావాలి, రెండు చుక్కలు రాల్చు. ఎవరి కొంప మునిగింది? కాగితమేగా.

నూనె పెట్టుకుంటున్నావా?

అత్త


హాస్టలు
సోమవారం

నా బంగారు అత్తకి,

తొమ్మిదిన్నర!

క్లాసులో నిలబెట్టి చదివించారు. మేడమ్ కళ్లు మూసుకుని విన్నారు. పశ్చాత్తాపం ముఖం చూడాలి నువ్వు, వాడి ఆస్తి నేను ఎత్తుకుపోయినట్టు కూర్చున్నాడు.

నువ్వు చెప్పినట్టే చేశాను. మూడో శనివారం నిజానికి ఏమీ జరగలేదు. పాప బొమ్మలు గీసింది, వాళ్లమ్మ జడ వేసింది, నేను కూర్చున్నాను. దానికి కొంచెం మసాలా వేశాను. తల్లి గొంతు పెంచగానే పాప కళ్లలో భయం చూశాననీ, ఆవిడ మీద నాకున్న అభిమానం వల్ల చూడనట్టు తల తిప్పుకున్నాననీ, ఆ తిప్పుకున్న తలలో నా బాల్యం కనిపించిందనీ రాశాను. బాల్యం అన్నచోట మేడమ్ తల ఊపారు. “ఇదీ ధైర్యమంటే. పిల్ల భయాన్ని చూడలేకపోయిన తనని తాను చూసుకుంది” అన్నారు. నాకే ఒక్క క్షణం నిజంగా జరిగిందేమో అనిపించింది.

ఇప్పుడు అందరూ తప్పుల కోసం నా దగ్గరికి వస్తున్నారు. నిన్న ఒకమ్మాయికి రెండిచ్చాను.

తొమ్మిదిన్నర మేనకోడలు


ఇల్లు
బుధవారం

అమ్మలూ,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. రెండుసార్లు చదివాను.

నేను అబద్ధం రాయమన్నది నీ గురించి. ఆ తల్లి గురించి కాదు. సిరా ఒలకబోశాననో, తొందరగా లేచి వచ్చేశాననో రాస్తావనుకున్నాను.

వెంటనే జవాబు రాయి. ఆ డైరీ ఎక్కడికి వెళ్తుంది? మేడమ్ దగ్గరే ఉంటుందా, ఆ ఇంటి ఫైల్లోకి వెళ్తుందా? దానికి పక్కన రెండు రంధ్రాలు పొడిచారా? రంధ్రాలు పొడవని కాగితం ఉత్త కాగితం. పొడిస్తే అది ఫైలుది. వెళ్లి కళ్లతో చూసి రాయి.

అత్త


హాస్టలు
ఆదివారం

అత్తా,

పొడిచారు.

పారదర్శకత కోసం ఈ ఏడాది నుంచి ట్రైనీల డైరీలు కేసు ఫైల్లోనే పెడుతున్నారట. మాకు మొదటి రోజే చెప్పారట. ఆ సమయంలో నేను కళ్లు మూసుకుని ఉన్నాననుకుంటాను.

నీ ఉత్తరం వచ్చాక కూడా వెంటనే చూడలేదు, భయమేసి రెండు వారాలు వాయిదా వేశాను. ఈలోగా ఫైలు కమిటీకి వెళ్లింది. మొన్న కాగితం వచ్చింది. ‘తల్లి సమక్షంలో బాలిక భయాందోళనలకు గురైనట్టు శిక్షణార్థి నమోదు చేసినందున, పరిశీలన మరో ఆరు నెలలు పొడిగించడమైనది.’ ఆ శిక్షణార్థి నేనే అత్తా. నమోదు చేసిందీ నేనే.

పాప తల్లికి కారణం చెప్పలేదు. ‘ప్రవర్తనలో మార్పు అవసరం’ అని మాత్రం చెప్పారు. నిన్న శనివారం వెళ్లాను కదా, ఇంట్లో చప్పుడు లేదు. ఆవిడ గుసగుసగా మాట్లాడుతోంది. అంత పెద్ద మనిషి, అంత పెద్ద గొంతు, గుసగుసలు రాక మాట మధ్యలో ఆగిపోతోంది. నన్ను గుమ్మం దగ్గరికి పిలిచి, “అమ్మా, నేనేం చేశానో మీకేమైనా తెలుసా? చెప్తే మానేస్తాను” అంది. తెలియదన్నాను. పాప వచ్చి వాళ్లమ్మ ముఖం రెండు చేతులతో పట్టుకుని, “నా మీద కోపమా? ఎందుకిలా మాట్లాడుతున్నావు?” అని ఏడ్చింది. మూడో శనివారం నేను రాసిన భయం నిన్న నిజంగా కనిపించింది. తెచ్చింది నేను.

తిరిగొచ్చి మేడమ్ దగ్గరికి వెళ్లి, నేను రాసింది అబద్ధం అని చెప్పేశాను. ఆవిడ అరిచినా బాగుండేది. నా చెయ్యి పట్టుకుని, “చాలా మంచి దశకి వచ్చారు. ఇప్పుడు మీ చూపునే మీరు అనుమానిస్తున్నారు. దీని గురించి రాయండి, ఈసారి పదికి పది ఇవ్వచ్చు” అన్నారు. అది చూపు కాదు మేడమ్, కల్పన అన్నాను. “కల్పన కూడా మన లోపలిదేగా?” అన్నారు. ఎటు తిప్పినా మార్కులే వస్తున్నాయి. పాప మాత్రం ఇంటికి రావట్లేదు.

ఏం చెయ్యను?


ఇల్లు
సోమవారం

నీకు,

నిన్నంతా ఈ ఉత్తరం రాయాలనుకుని బల్ల తుడుస్తూ కూర్చున్నాను. నీ నాన్నకి కూడా చెప్పని మాట ఒకటి చెప్తాను. చదివాక నామీద నీకున్న అభిప్రాయం ఎలా మారినా నేనేమీ అనుకోను.

నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. ఒక తల్లిని విచారణకి పిలిచారు. రెండేళ్ల బిడ్డ మా ఆఫీసు హోమ్‌లో ఉంది. ఆవిడ ఆఫీసు తెరవకముందే వచ్చింది. గది బయట బెంచీ మీద కూర్చుంది. ఆ బెంచీ నా బల్లకి ఏడడుగుల దూరం. మంచినీళ్లడిగితే నేనే ఇచ్చాను. ఆఫీసరుకి ఆ రోజు ఏదో మీటింగు. సాయంత్రం వచ్చి, ఆవిణ్ణి లోపలికి పిలవకుండానే నాకు చెప్పాడు. ‘మూడుసార్లు పిలిపించినను తల్లి హాజరు కాలేదు.’ నేను తలుపు వైపు చూశాను. ఆయన, “కొట్టమ్మా, ఆలస్యమవుతోంది” అన్నాడు. కొట్టాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. టైపింగు శుభ్రంగా ఉందని మెచ్చుకున్నాడు కూడా.

ఆ బిడ్డని వేరే వాళ్లకి ఇచ్చేశారు. ఆవిడ తర్వాత రెండుమూడుసార్లు వచ్చి, నన్ను గుర్తుపట్టి, “అమ్మా, నేనొచ్చానని మీకు తెలుసు కదా” అంది. ఆ విషయాలు సారుని అడగమన్నాను. నా పని టైపు కొట్టడం కదా, కాగితమే కదా అనుకున్నాను. నీకు పోయిన నెల రాసిన మాట అదే. ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చి, ఆఖరికి నీ చెవిలో కూడా వేశాను. నా బుద్ధి కాలిపోను. రిటైరయ్యే ముందు ఆ ఫైలు వెతికాను. గడువు తీరినవాటితో పాటు తీసి పారేశారట. ఇప్పుడు నేను ఎవరికి చెప్పినా దిద్దడానికి కాగితమే లేదు.

నీ కాగితం ఉంది. విను. పునరాలోచనా వద్దు, పాడూ వద్దు. ఒక తెల్లకాగితం తీసుకో. ఫలానా తేదీన నేను రాసిన ఫలానా విషయం జరగలేదు, మార్కుల కోసం కల్పించాను అని రాసి సంతకం పెట్టు. నీకు ఏమనిపించిందో ఒక్క ముక్క కూడా రాయకు, వాళ్లు దాన్నే పట్టుకుని లోతుకి దిగుతారు. మూడు ప్రతులు. ఒకటి కమిటీకి, ఒకటి ఫైలుకి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకో. ఫైలు ప్రతికి నీ కళ్ల ముందు రంధ్రాలు పొడిచి, ఆ డైరీ పేజీ మీదే గుచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకు.

అన్నిటికన్నా ముందు ఆ పాప తల్లికి చెప్పు. తిడితే పడు. నిన్ను శిక్షణలోంచి తీసేస్తే ఇంటికి రా. నాన్న సంగతి నేను చూసుకుంటాను.

అత్త


హాస్టలు, పెట్టె సర్దుకుంటూ
శనివారం

అత్తా,

అయిపోయింది. వరసగా చెప్తాను, ముందుదీ వెనకదీ కలిపేస్తే నువ్వు తిడతావు.

ముందు ఆవిడ దగ్గరికే వెళ్లాను. లాండ్రీ వెనక గేటు దగ్గర, మధ్యాహ్నం విరామంలో నిలబెట్టి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. “ఈ ముక్క వాళ్లకి చెప్తారా?” అంది. చెప్తానన్నాను. “ఎప్పుడు?” అంది. ఇప్పుడే వెళ్తున్నానన్నాను. “అయితే ఇక్కడెందుకు నిలబడ్డారు?” అని లోపలికి వెళ్లిపోయింది.

కమిటీ ఆఫీసు గుమాస్తా నా కాగితం తీసుకోనన్నాడు. పరిశీలన చేర్చడానికి ఫారం ఉందట, పొడిగించడానికి ఫారం ఉందట, జరగలేదు అనడానికి ఫారం లేదట. నేను కుర్చీలో కూర్చున్నాను. గంటన్నర తర్వాత ఆయనకి టీ తాగాలనిపించింది. నన్ను వదిలించుకుంటే తప్ప కుదరదని గ్రహించి ముద్ర వేశాడు. రంధ్రాలు నేనే పొడిచాను అత్తా. ఆయన మెషిన్ నా వైపు తోసి, “పొడుచుకోండి” అన్నాడు.

మేడమ్ ఆ కాగితం చూసి, భాష మరీ పొడిగా ఉందన్నారు. ప్రయాణం కనిపించట్లేదట. ‘నేను మార్కుల కోసం’ అన్న చోట ‘నేను గుర్తింపు కోసం ఆరాటపడి’ అని మారిస్తే మర్యాదగా ఉంటుందన్నారు. మార్చనన్నాను. మొదటిసారి ఆవిడ కళ్లు పూర్తిగా తెరిచి నన్ను చూశారు.

నిన్న పిల్లల హోమ్‌లోనే కమిటీ కూర్చుంది. ముగ్గురు. ఒకాయన నా కాగితం తిరగేసి, “ఆ భయాన్ని మీ అంతరంగం పసిగట్టిందేమో, మీకే తెలియకుండా?” అన్నాడు. పెద్దావిడొకరున్నారు, పిల్లల డాక్టరుగా చేసి రిటైరయ్యారట. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, “అంతరంగం తర్వాత చూద్దాం. ఆ రోజు ఆ పిల్ల భయపడిందా లేదా?” అన్నారు. లేదన్నాను. తల్లి గట్టిగా అంటే అంతకన్నా గట్టిగా ఎదురు చెప్పే పిల్ల అనీ, మొన్న తల్లి గుసగుసలాడితేనే ఏడ్చిందనీ చెప్పాను. పాపని పక్క గదిలోకి తీసుకెళ్లి ఆవిడే పావుగంట మాట్లాడి వచ్చారు. పొడిగింపు రద్దు చేశారు. సామాన్లు సర్దుకుని పాప ఆ సాయంత్రమే తల్లితో ఇంటికి వెళ్లవచ్చన్నారు.

నా సంగతి కూడా తేలింది. వృత్తి విలువల ఉల్లంఘన కింద ఈ టర్ము పోయింది. వచ్చే ఏడు మళ్లీ మొదటి నుంచి చేరచ్చు, దానికి ముందు ఈ ఉల్లంఘన మీద విమర్శనాత్మక పునరాలోచన ఒకటి సమర్పించాలి. ఆరు పేజీలకి తగ్గకుండా. పశ్చాత్తాపం వచ్చి, నువ్వు రాయకపోతే ఆ విషయం నేను వాడుకోవచ్చా అని అడిగాడు.

ఇంత రాశాను గానీ, అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు.

కమిటీ అయ్యాక మెట్ల దగ్గర నిలబడ్డాను. పాప తల్లి ఒక చేత్తో బట్టల సంచీ, ఇంకో చేత్తో పాపని పట్టుకుని వచ్చింది. నేను క్షమించమన్నాను. ఆవిడ ఆగింది. పాపని రెండు మెట్లు కిందకి పంపి నా వైపు తిరిగింది.

“నీకు అబద్ధం కావలసొచ్చింది. సరే. నీ గురించి రాసుకోవచ్చు, మీ మేడమ్ గురించి రాసుకోవచ్చు. నన్నే ఎందుకు పట్టుకున్నావు?” అంది.

డైరీలో అయితే నేను ఈ ప్రశ్నకి పది పేజీలు రాయగలను. అక్కడ ఒక్కటే తోచింది. అదే నిజం కాబట్టి చెప్పేశాను.

“మీరు చదవరు కదా అనుకున్నానండీ.”

“నాకు చదువొచ్చమ్మా” అంది. పాప చెయ్యి పట్టుకుని దిగి వెళ్లిపోయింది.

నీ
మేనకోడలు